దిద్దని ఫోటో

దస్తగిరి తాత పెరుగన్నం కూడా చెక్క చెంచాతోనే తినేవాడు. పెళ్ళి విందుకు వెళ్ళినా అంతే. అందరూ బిరియానీలోకి చెయ్యి దించుతుంటే, ఆయన మాత్రం సంతకం పెట్టబోయే ఆఫీసరులాగా చొక్కా జేబులోంచి చెంచా బయటికి తీసేవాడు. మనవళ్ళు దాన్ని దాచేస్తే ఇల్లంతా తిరగేసి, దొరికిందాకా అన్నం ముట్టకుండా అలిగి కూర్చునేవాడు. చేతికి ఏమీ జబ్బు లేదు, పళ్ళు కూడా గట్టివే. ఎందుకు తాతా ఈ వేషం అంటే చొక్కా పై గుండీ విప్పి, మళ్ళీ పెట్టి, రుచిగా ఉంటుందనేవాడు. గుండీ మీద చెయ్యి పడిందంటే తాత అబద్ధం ఆడుతున్నాడని ఆ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. అసలు సంగతి ఆ చెంచా చెక్కిన జరీనాయే ఈ మధ్య బయటపెట్టింది. ఇక దాచాల్సిన పని లేదని, రాయాలనుకుంటే రాసుకోమని కూడా అంది.

డెబ్బై ఎనిమిదిలో తాత ఇంకా తాత కాలేదు. నలభై ఏళ్ళ మనిషి, ఒత్తయిన మీసం, ఆ మీసానికి శుక్రవారం శుక్రవారం ఆముదం. ఆత్మకూరు బస్టాండు వెనక సందులో ఆయన ఫోటో స్టూడియో. ముందు గదిలో పూలతోట గీసిన తెర, ఎత్తు స్టూలు, మూడు కాళ్ళ కెమెరా, దానికి అటూ ఇటూ రేకు గిన్నెలు తొడిగిన పెద్ద లైట్లు రెండు. ఆ వెనక ఫోటోలు కడిగే చీకటి గది. ఆ గది దాటితే ఇల్లు, ఇంట్లో భార్య బీబమ్మ.

ఆయన గొప్పంతా ఫోటో తీయడంలో కాదు, దిద్దడంలో ఉండేది. తీసింది తీసినట్టు ఇవ్వడమంటే ఉడకని అన్నం వడ్డించినట్టని ఆయన లెక్క. పగటి వెలుతురు పడే కిటికీ దగ్గర చిన్న బల్ల వేసుకుని, నెగటివు మీద సూదిలా చెక్కిన పెన్సిలుతో మొటిమలు, ముడతలు మాయం చేసేవాడు. ప్రింటు మీద నాలుగు వెంట్రుకల బ్రష్షుతో నల్లరంగు అద్ది, పలచటి మీసాన్ని ఒత్తుగా చేసేవాడు. ఆత్మకూరులో అందగాళ్ళను అల్లా కొందరినే చేశాడని, మిగతావాళ్ళను తానే చేశానని చెప్పుకునేవాడు.

పొద్దస్తమానం ముఖాలే చూసేవాడికి ముఖాలు చదవడం అబ్బకుండా ఉంటుందా? నవ్వమంటే పెదాలు సాగదీసి ఊరుకుంటే తాత ఒప్పుకోడు. కంటి కింద చర్మం కాస్త పైకి లేవాలి, కన్ను చిన్నదవ్వాలి, అప్పుడే అది నవ్వు. కొత్త జంట వచ్చి కూర్చుంటే ఎవరి మోకాలు ఎటు తిరిగి ఉందో చూసి, ఆ కాపురం ఎట్లా నడుస్తుందో వంటింట్లోకి వెళ్ళి బీబమ్మకు చెప్పేవాడు. కలిగిరి నుంచి గోపాలయ్య అనే టీచరు వస్తే, ఐదుసార్లు నవ్వమన్నా ముఖంలో కదలిక లేదని, రెప్ప కొట్టడం కూడా బాగా తక్కువైందని గమనించి నెల్లూరు డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడు. అది వణుకుడు జబ్బుకు మొదలని అక్కడ తేలింది. ఆ ఒక్క సంగతి చెప్పుకుంటూ తాత ఎన్నో ఏళ్ళు ఛాతీ విరుచుకుని తిరిగాడు. పన్నుపోటుతో దవడ బిగించి కూర్చున్న ఓబులయ్యను చూసి, పెళ్ళాంతో పోట్లాడి వచ్చాడని తేల్చి గంటసేపు కాపురం మీద బోధ చేసిన సంగతి మాత్రం చెప్పుకునేవాడు కాదు. అది బీబమ్మ చెప్పేది.

తాతకు చిన్నప్పటి స్నేహితుడు మదార్ సాహెబు. ఇద్దరిదీ ఉదయగిరే, ఒకే బడి, ఒకే బెంచీ. మదార్ తన తండ్రి పనిలోనే ఉండిపోయాడు. కొండ మీంచి వచ్చే కట్టెతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కేవాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు జరీనా. పంతొమ్మిదేళ్ళకే తండ్రిని మించిపోయింది. ఎడమచేత్తో కట్టె పట్టుకుని, కుడిచేత్తో ఉలి నడిపి, వేలెడంత పిడి మీద ద్రాక్షతీగ పుట్టించేది. ఆ ఏడు ఉదయగిరిలో చెక్కపని నేర్పే సెంటరు పెడుతున్నారని, నేర్పడానికి మనుషులు కావాలని కబురు వచ్చింది. దరఖాస్తుకు ఫోటో కావాలి. ఎండలు ముదురుతున్న రోజుల్లో మదార్ కూతుర్ని వెంటబెట్టుకుని ఆత్మకూరు వచ్చాడు. ఆమెను స్టూడియోలో వదిలి, చెక్క నునుపు చేసే ఆకురాళ్ళు కొనుక్కొస్తానని బజారుకు వెళ్ళాడు.

తాత ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, లైట్లు వేసి, నేను చెప్పిందాకా కదలొద్దమ్మీ అని నల్లగుడ్డ కిందికి దూరాడు. కెమెరా వెనక గాజు మీద జరీనా తలకిందులుగా కనబడింది. సన్నగా నవ్వుతోంది. తాత గాజును అటూ ఇటూ జరుపుతున్నాడు. అప్పుడు వచ్చింది వాసన. ముందు వైరు కాలుతోందేమో అనుకున్నాడు. కాదు. కోడిని కాల్చేటప్పుడు వచ్చే వాసన లాంటిది.

గుడ్డలోంచి తల బయటికి తీశాడు. జరీనా ఎడమచెయ్యి పక్కనున్న లైటు స్టాండు మీద ఆనించి ఉంది. జాకెట్టు చెయ్యి పైకి జరిగి, ముంజేతి వెనక భాగం రేకు గిన్నెకు అతుక్కుని ఉంది. ఆ గిన్నె ఎంత వేడిగా ఉంటుందంటే, తాత దాన్ని పట్టకారుతో తిప్పేవాడు. జరీనా ముఖంలో ఆ నవ్వు అట్లాగే ఉంది. కనుబొమ్మ ముడిపడలేదు, పెదవి బిగుసుకోలేదు, రెప్ప అదరలేదు.

తాత ఒక్క దూకు దూకి చెయ్యి లాగాడు. చర్మం కొంత గిన్నెకే ఉండిపోయింది. జరీనా చేతిని చూసుకుంది. చూసిన తర్వాత మాత్రమే ముఖం ముడిచింది.

"కదలొద్దంటివి గదా చాచా" అంది.

బీబమ్మ పరుగెత్తుకొచ్చి, వెన్న రాసి, పాతగుడ్డ చుట్టి, మొగుణ్ణి నాలుగు తిట్టింది. మదార్ వచ్చి, నా కూతురు మాటంటే మాటే, చెయ్యి కాలినా కదలదని మురిసిపోయాడు. తాత కూడా నవ్వాడు. వాళ్ళు బస్సెక్కాక స్టూలు మీద తానే కూర్చుని, ఆ గిన్నె వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. ఎంత ఓర్చుకున్నా నొప్పి ముఖంలోకి రాకుండా ఉండదు. ఓర్చుకోవడం కూడా ముఖంలో కనిపిస్తుంది. దవడ పక్క కండ ఉబ్బుతుంది, ముక్కుపుటాలు విచ్చుకుంటాయి. ఆ పిల్ల ముఖంలో ఓర్పు లేదు. అసలు ఓర్చుకోవడానికి అక్కడ ఏమీ లేనట్టుంది.

మర్నాడు నెగటివు కిటికీకి పెట్టి భూతద్దంతో చూశాడు. కనుబొమ్మల దగ్గర ఆగిపోయాడు. ముక్కు వైపు సగం వెంట్రుకలు విడివిడిగా ఉన్నాయి. చెవి వైపు సగంలో ఒక్క వెంట్రుక లేదు, ఒట్టి గీత. ఇరవై ఏళ్ళుగా కనుబొమ్మలు గీస్తున్నవాడికి గీసిన కనుబొమ్మ తెలియదా? ఎవరో ముఖం మీదే కాటుకతో దిద్దారు.

పాత కవర్లు దించాడు. తాత ఏ నెగటివూ పారేసేవాడు కాదు. డెబ్బై నాలుగులో రంజాన్ బట్టలతో తీయించుకున్న ఫోటోలో జరీనా కనుబొమ్మలు నిండుగా ఉన్నాయి. డెబ్బై ఆరులో తీసినదాంట్లో చివరలు లేవు. రెండేళ్ళ కిందట ఆ ప్రింటు దిద్దింది తనేనని అప్పుడు గుర్తొచ్చింది. రేడియో వింటూ, పలచగా ఉండాయే అని అటొక గీత, ఇటొక గీత గీసి పంపేశాడు. ఎందుకు పలచబడ్డాయని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మూడు నెగటివులూ వరసగా గాజుకు ఆనించి చూశాడు. మూడోదానికి వచ్చేసరికి చెవితమ్మెలు మందమయ్యాయి, బుగ్గలు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. అందరూ వయసు నిగారింపు అనుకున్నది అదే.

ఇట్లాంటి ముఖాలు ఆయనకు కొత్తకాదు. సామ్యేలు అనే మనిషి ఆ చుట్టుపక్కల సైకిలు మీద తిరిగి కుష్టు రోగులకు మందులిచ్చేవాడు. సర్కారు ఉద్యోగి. అనంతసాగరం వైపు ఊళ్ళన్నీ ఆయన తొక్కిన దారే. రికార్డు కోసం రోగుల ముఖాలు ఫోటో తీసి, ఆ ఫిల్ములు కడగడానికి తాతకే ఇచ్చేవాడు. కడిగిన ప్రతిసారీ తాత సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కునేవాడు. ఫిల్ములో నుంచి రోగం పాకుతుందా అని సామ్యేలు ఎగతాళి చేసినా మానలేదు. ఆ ఫిల్ముల్లో చూసిన కనుబొమ్మలు, చెవులు, మెరుపు ఇప్పుడు మదార్ కూతురి ముఖంలో ఉన్నాయి.

సామ్యేలు వచ్చినప్పుడు ఊరికే అడిగినట్టు అడిగాడు, కాలినా తెలియకపోతే ఏందని. సామ్యేలు సైకిలు స్టాండు వేసి నిలబడ్డాడు. నరం చచ్చిపోతోందని అర్థం, మందు మొదలుపెడితే రోగం ఆగుతుంది, కొద్ది వారాల్లో పక్కవాళ్ళకు అంటుకునే భయం కూడా పోతుంది, కానీ వేళ్ళు ఒకసారి వంకరపోతే ఏ మాత్రా వాటిని తిన్నగా చేయలేదన్నాడు. ఎవరికి అని అడిగాడు. తాత చెయ్యి గుండీ మీదికి పోయింది. సామ్యేలు బేస్తవారం రెండు గంటలదాకా చెరువుకట్ట దారిలో తన గది తెరిచే ఉంటుందని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు తాతకున్న చిక్కు ఏమిటంటే, మదార్ ఆత్మకూరు రావడమే గగనం. ఫోటోలు చేతికొస్తే మళ్ళీ రెండేళ్ళకు గానీ రాడు. ఉదయగిరి వెళ్ళి ఆ ఇంట్లో ఈ మాట ఎత్తితే గోడకవతల వాళ్ళకు వినబడుతుంది. అందుకని బస్సు డ్రైవరు షావలితో కబురు పంపాడు, ఫోటో చెడిపోయింది, బేస్తవారం పిల్లను తీసుకుని రమ్మని. ఇక మూడు పొద్దులు అద్దం ముందు నిలబడి, చేతులు వెనక కట్టుకుని, నెగటివు చెడిందిరా మదారూ, నెగటివు చెడిందిరా మదారూ అని సాధన చేశాడు. ఏ నాటకంలో వేషమని బీబమ్మ అడిగింది.

బేస్తవారం పదకొండుకు తండ్రీ కూతుళ్ళు దిగారు. జరీనా తలమీది ముసుగు సర్దుకుంటూ లోపల బీబమ్మ దగ్గరికి వెళ్ళింది. తాత చేతులు వెనక కట్టుకుని అనుకున్నట్టే మొదలుపెట్టాడు. సగంలో మదార్ సంచిలోంచి ఒక చెంచా తీసి చాపాడు. చాచాకని జరీనా చెక్కిందట, కాలిన చేత్తోనే కట్టె పట్టుకుని. పిడి నిండా ద్రాక్షతీగ. అందుకోవడానికి తాత చేతులు ముందుకు తేవాల్సి వచ్చింది. అందుకున్నాడు. బల్లమీద పెట్టాడు. ఖాళీ అయిన చెయ్యి తిన్నగా గుండీ దగ్గరికి పోయింది.

మదార్ ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"ఆరో తరగతిలో అయివారి బెల్లం ఎవుడు తిన్నాడంటే కూడా ఇట్లానే గుండీ తిప్పినావు. నెగటివు చూపించురా."

మదార్ చేతికి నెగటివు ఇస్తే ఏం తెలుస్తుంది, దయ్యంలాగా నల్లది తెల్లగా కనబడడం తప్ప. తాత ఆ వారంలో కొత్తగా వేసిన ప్రింట్లు తీశాడు. మూడు సంవత్సరాల మూడు ముఖాలు, ఒక్క గీత దిద్దకుండా. కిటికీ దగ్గర వరసగా పరిచి, గొంతు తగ్గించి, కనుబొమ్మలు చూపించాడు, చెవులు చూపించాడు, చివరికి లైటు గిన్నె సంగతి చెప్పాడు. రోగం పేరు ఎత్తలేదు. రెండు గంటలదాకా సామ్యేలు గదిలో ఉంటాడని మాత్రం అన్నాడు. ఆ చుట్టుపక్కల సామ్యేలు పేరు చెబితే ఇంకేమీ చెప్పనక్కరలేదు.

మదార్ నవ్వాడు. పెదాలు రెండు పక్కలకూ సాగాయి. కంటి కింద ఏమీ లేవలేదు. స్టూలు అంచును పట్టుకున్న చేతివేళ్ళ గోళ్ళు తెల్లబడ్డాయి. తాత జీవితంలో అంత భయపడ్డ నవ్వు చూడలేదు.

ఇద్దరూ మాటలు ఉర్దూలో మొదలుపెట్టి, కోపం వచ్చేసరికి తెలుగులోకి దిగేవాళ్ళు. మదార్ ఇప్పుడు తెలుగులోకి దిగాడు.

"నీ కెమెరాకు తెవులు. నా బిడ్డకు కాదు."

"రెండేండ్ల కింద నేనే దిద్ది పంపినానురా. అప్పుడే చూసుంటే ఇంత దూరం రాకపోను. కొట్టదల్చుకుంటే నన్ను కొట్టు. పిల్లను మాత్రం తీసకపోదాం పా."

"పోయి? నేను చేసేది కుండలు కాదు, దుప్పట్లు కాదు. జనం నోట్లో పెట్టుకునే చెంచాలు. ఈ మాట గడప దాటితే ఎవుడు కొంటాడు?" మదార్ బల్లమీది కొత్త చెంచా తీసి తాత ముఖం ముందు పెట్టాడు. "నువ్వు పెట్టుకుంటావా నోట్లో?"

తాత పెట్టుకుంటానందామనుకున్నాడు. అన్నాడు కూడా. కానీ ఆ మాటకు ముందు కళ్ళు చెంచా మీదికి పోయి, తల వెంట్రుకవాసి వెనక్కి జరిగింది. సబ్బుతో మూడుసార్లు కడుక్కునే మనిషి కదా. ముఖాలు చదవడం తన ఒక్కడి సొత్తనుకున్నాడు. మదార్ ఆ వెంట్రుకవాసిని చదివేశాడు.

"చూసినావా" అన్నాడు. గొంతులో కోపం పోయింది. చెంచా బల్లమీద పెట్టి, పన్నెండు గంటల బస్సుకు టైమయింది రమ్మని కూతుర్ని పిలిచాడు.

లోపలి తలుపు దగ్గర జరీనా అప్పటికే నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ముసుగు వెనక్కి తోసి ఉంది. బీబమ్మ దగ్గర తడిగుడ్డ తీసుకుని ముఖం తుడిచేసుకుంది. కాటుక పోయాక కనుబొమ్మలు సగంలో ఆగిపోయి, ఆ ముఖం ఎప్పుడూ ఏదో ఆశ్చర్యపోతున్నట్టుగా ఉంది. వెనకాల బీబమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

జరీనా తనకు ఏడాది నుంచి తెలుసంది. ఒకరోజు ఉలి జారి వేలు తెగితే నొప్పి తెలియలేదట, చాప మీద నెత్తురు కనబడితే, ఎవరిదా అని చుట్టూ వెతికిందట. అప్పటినుంచి నిండు చేతుల జాకెట్టు, చిటికెన వేలు కొంచెం వంగితే దానిమీద కొంగు. రోగం పేరు తనకూ తెలుసంది, తెలిసే భయపడి ఊరుకున్నానంది.

"నువ్వు కాగితం మీద దిద్దినావు చాచా, నేను ముఖం మీద దిద్దుకుంటా ఉన్నాను. ఇంకెన్నాళ్ళు దిద్దేది?" తండ్రి వైపు తిరిగింది. "అబ్బా, ఎవురు కొంటారని గాదు, చెయ్యి పోతే ఎవురు చెక్కాల?"

మదార్ చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

స్టూడియో గడపలోంచి బస్టాండు కనిపిస్తుంది. మదార్ బెంచీ మీద ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. తాత, జరీనా ఆ వీపునే చూస్తూ నిలబడ్డారు. ఎన్ని ముఖాలు చదివినా తాతకు వీపులు చదవడం రాదు. పన్నెండు గంటలకు షావలి బస్సు వచ్చింది. మదార్ లేచాడు. ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. షావలి ఏదో అడిగాడు, ఇంజను పెంచాడు. మదార్ మెట్టు మీద నుంచి కాలు తీసేశాడు. బస్సు దుమ్ము రేపుకుంటూ పోయింది. ఆయన మళ్ళీ అదే బెంచీ మీద, అట్లాగే కూర్చున్నాడు. బీడీ తీశాడు, వెలిగించలేదు. ఒంటిగంట అయింది. బీబమ్మ అన్నానికి పిలిచింది, ఎవరూ కదలలేదు. ఒకటిన్నర బస్సు వచ్చింది, పోయింది. మదార్ బెంచీ మీదే ఉన్నాడు, ఇటు మాత్రం తిరగలేదు.

జరీనా ముసుగు సర్దుకుంది. నేను పోతా ఉన్నానంది.

సామ్యేలు గదికి పోవాలంటే బస్టాండు ముందు నుంచే పోవాలి. టీ అంగడి, సైకిలు షాపు, మంగలి కొట్టు దాటాలి. ఆ దారిలో బేస్తవారం ఎవరు నడిచినా ఎందుకు నడుస్తున్నారో ఊరంతటికీ తెలుసు. తాతకు అప్పుడు ఒక ఉపాయం తోచింది. కెమెరా పెట్టె ఒక చేత పట్టుకున్నాడు, మూడు కాళ్ళ స్టాండు భుజానికెత్తి ఇంకో చేత్తో పట్టుకున్నాడు, చల్లారిన లైటు గిన్నెను జరీనా చేతికిచ్చాడు. టీ అంగడి ముందుకు రాగానే గొంతు పెంచి మదార్‌ను కేక వేశాడు.

"ఏందిరా కూర్చుండిపోయినావు, సామ్యేలు రికార్డు ఫోటోలకు టైమయిపోతా ఉండాది. లైటు పట్టుకుంటానంటివి గదా."

టీ అంగట్లో నలుగురు తలలెత్తి చూశారు. తాత జీవితంలో అంత శుద్ధమైన అబద్ధం ఆడింది అదొక్కటే. రెండు చేతుల్లోనూ బరువుంది. గుండీ దగ్గరికి పోవడానికి ఖాళీ చెయ్యి లేదు.

మదార్ తల తిప్పాడు. ముందు గిన్నెను చూశాడు, తర్వాత కూతురి చెయ్యి, తర్వాత కాటుక లేని ముఖం. లేచి వచ్చి, జరీనా చేతిలోంచి ఆ గిన్నె తీసుకుని, అంగళ్ళ వైపుకు తాను నడుస్తూ, ఆమెను ఇవతలి పక్కకు జరిపాడు. ముగ్గురూ చెరువుకట్ట దారి పట్టారు. తాత నడుము వంగిపోతోంది, కానీ స్టాండు దించుకుంటే చెయ్యి ఖాళీ అవుతుందని దించలేదు.

సామ్యేలు గది తాళం వేయబోతున్నాడు. వీళ్ళను చూసి తాళం మళ్ళీ తీశాడు. జరీనాను కళ్ళు మూసుకోమని, దూదిపోచతో ముంజేతి మీద, వేళ్ళ మీద తాకుతూ, ఎక్కడ తాకానో వేలు పెట్టి చూపించమన్నాడు. కుడిచేతి మీద తాకినచోటల్లా చూపించింది. ఎడమచేతి మీద దూది నాలుగుచోట్ల తాకింది. జరీనా కుడిచూపుడు వేలు గాల్లోనే ఉండిపోయింది, ఇంకా ఎప్పుడు తాకుతావని అడిగింది. మదార్ గోడవైపుకు తిరిగాడు. సామ్యేలు ఆమె మోచెయ్యి వెనక తడిమి, అక్కడి నరం తాడులాగా లావెక్కిందని చెప్పాడు.

డాక్టరు చూసి తేల్చాలి, అయినా తనకు అనుమానం లేదన్నాడు. తర్వాత తండ్రికి కాకుండా ఆ పిల్లకే చెప్పాడు. మాత్రలు ఏళ్ళ తరబడి మింగాలి. పని మానక్కరలేదు. కానీ ఆ చెయ్యి ఇక కబురు చెప్పదు, కాలినా చెప్పదు, తెగినా చెప్పదు. కాబట్టి దాని పని కళ్ళు చేయాలి. పొద్దున, సాయంత్రం చెయ్యంతా తిప్పి చూసుకోవాలి. కట్టె పట్టుకునే వేళ్ళకు మెత్తటి గుడ్డ చుట్టుకోవాలి. ఇవి నీళ్ళు తాగినంత మామూలుగా చెప్పాడు. మదార్ భుజాలు మొదటిసారి కిందికి దిగాయి.

రికార్డుకు ఫోటో కావాలి. తెచ్చిన కెమెరా ఎట్లాగూ ఉంది.

"దీన్నన్నా దిద్దకుండా ఇయ్యి దస్తగిరీ. నువ్వు దిద్దితే డాక్టరు నన్ను తిడతాడు" అన్నాడు సామ్యేలు.

కిటికీ వెలుతురులో తాత ఆ ఫోటో తీశాడు. ఇరవై ఏళ్ళలో ఆయన తీసి, పెన్సిలు తాకకుండా స్టూడియో దాటించిన మొదటి ముఖం అదే. ఆ ఫిల్ము కడిగాక సబ్బు ముట్టుకోలేదని బీబమ్మ చెప్పేది.

ఇల్లు చేరేసరికి మూడు దాటింది. బీబమ్మ అన్నం, పప్పు వడ్డించింది. అందరూ ఒకే చాప మీద కూర్చున్నారు. తాత లేచి ముందు గదిలోకి వెళ్ళి, బల్లమీది చెంచా తెచ్చుకుని, మదార్ ఎదురుగా కూర్చుని, పప్పన్నం తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఈసారి తల వెనక్కి పోలేదు. మదార్ తన కంచంలోకే చూస్తూ తింటున్నాడు. ఒకసారి తలెత్తి చూసి అన్నాడు.

"వంకరగా పట్టుకున్నావు. బొటనవేలు పైన పెట్టు."

తాత బొటనవేలు పైన పెట్టాడు. ఆ పూట నుంచి ఆయన చేత్తో అన్నం తిన్నది లేదు. చూసేవాళ్ళు ఎంత వెక్కిరించినా ఆ చెంచాతోనే, అరిగిపోతే జరీనా చెక్కి పంపిన ఇంకో చెంచాతోనే. జనం అడిగితే ఉదయగిరిలో మదార్ దగ్గర దొరుకుతాయని చెప్పేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు గుండీ జోలికి పోయేవాడు కాదు.

ఆ ఏడు దరఖాస్తు పంపలేదు. జరీనా ఏళ్ళ తరబడి తెల్లమాత్రలు మింగింది. ఎనభైల్లో కొత్త మందులొచ్చాయి. వాటిలో ఒకటి ముఖాన్ని నల్లబరిచింది. అడిగినవాళ్ళకు ఎండకని చెప్పేది. ఎనభై ఆరులో ఇక మందు అక్కరలేదన్నారు. పోయిన కనుబొమ్మలు రాలేదు, చెయ్యి మళ్ళీ కబురు చెప్పలేదు, చిటికెన వేలు కొంచెం వంకరగానే ఉండిపోయింది. తక్కిన తొమ్మిది వేళ్ళూ తిన్నగా ఉన్నాయి.

ఆ ఏడే సెంటరువాళ్ళు మళ్ళీ మనుషులను అడిగారు. జరీనా ఫోటోకి ఆత్మకూరు వచ్చింది, ఈసారి ఒంటరిగా. తాత మీసం నెరిసింది, లైట్లు మాత్రం అవే. స్టూలు మీద కూర్చున్నదల్లా లేచి, ముందు రేకు గిన్నె ఎక్కడుందో చూసింది, దాన్ని కొంగుతో అవతలికి జరిపింది, ఎడమచేతిని కంటితో చూసుకుని ఒళ్ళో పెట్టుకుంది. కాటుక గీత లేదు. కనుబొమ్మలు దిద్దొద్దంది. గడ్డం మీద మొటిమ మాత్రం తీసేయమంది, దాన్ని ఉంచేట్టయితే ఫోటోకే రాకపోదునంది.

తాత నల్లగుడ్డ కిందికి దూరాడు. గాజు మీద జరీనా తలకిందులుగా కనబడింది. కంటి కింద చర్మం పైకి లేచింది.

"ఇప్పుడు కదల్ను చాచా" అంది. "తియ్యి."